మైదానం నిలబడింది!

ఆదివారం పొద్దున్నే ఏ ఇరుకు బస్తీలోకి తొంగి చూసినా ఒకటే దృశ్యం. సందు మధ్యలో ఇటుకలు పేర్చిన వికెట్లు. బంతి డాబా మీద పడితే ఔట్. కిటికీకి తగిలితే ఆట బంద్. కాల్వలో పడితే తీసుకురావాల్సింది కొట్టినవాడే. బండి వస్తే ఆగాలి, నీళ్ల ట్యాంకర్ వస్తే ఇక ఆ పూటకి ముగిసినట్టే. ఈ రూల్సన్నీ పిల్లలు సరదాకి పెట్టుకున్నవి కావు. ఆడుకోవడానికి చోటు లేక పుట్టినవి.

అలాంటిచోట అందరికీ పనికొచ్చే ఆటల కేంద్రం ఒకటి కట్టాలంటే మొదట ఎదురయ్యే ప్రశ్న... స్థలమేదీ? దాని వెనకాలే రెండోది... డబ్బేదీ? ఈ రెండింటి దగ్గరే ఆలోచన ఆగిపోతుంది చాలా ఊళ్లలో. కానీ దక్షిణ అమెరికాలోని ఓ నగరంలో ఇద్దరు ఆర్కిటెక్టులు ఈ ప్రశ్నని కాస్త తిప్పి చూశారు. పక్కకి జరగడానికి చోటు లేకపోతే పైకి లేవొచ్చు కదా అనుకున్నారు. పావెకరం మైదానాన్ని మడతలు పెట్టి నిలబెట్టేశారు!

అది జరిగింది వెనెజువెలా రాజధాని కారకస్‌లో. ఆ కట్టడం పేరు 'వర్టికల్ జిమ్'. అంటే, నిలువు ఆటస్థలం.

పావెకరం... ఎకరం దాకా!

కారకస్ ఓ పొడవాటి లోయలో ఉన్న ఊరు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. చమురు డబ్బు పారిన రోజుల్లో పల్లెల నుంచి జనం వచ్చిపడ్డారు. లోయలోని చదును నేలంతా డబ్బున్నవాళ్ల చేతుల్లో ఉండటంతో, మిగిలినవాళ్లు కొండవాలుల మీదికి ఎక్కారు. ఇటుక మీద ఇటుక, ఇంటి మీద ఇల్లు. వాటిని అక్కడ 'బారియో'లంటారు. నగర జనాభాలో దాదాపు సగం మంది ఉండేది వాటిలోనే. చాలాచోట్ల రోడ్డంటే మెట్లదారే. అంబులెన్సు రాదు, చెత్తబండి రాదు... ఇక ఆటస్థలం మాటెక్కడ?

ఆ మహానగరంలోనే చకావో అనే మున్సిపాలిటీ ఉంది. బ్యాంకులూ పెద్ద పెద్ద షాపింగ్ మాల్సూ ఉండే సంపన్న ప్రాంతం. దాని మధ్యలో, బెల్లో కాంపో అనే పేటని ఆనుకుని లా క్రుజ్ అనే బారియో. ఆ ఇళ్ల మధ్య మిగిలి ఉన్న ఖాళీ జాగా ఒకే ఒక్కటి. సుమారు 1,000 చదరపు మీటర్లు. మన లెక్కలో పావెకరం, 1,200 గజాలు. పేరుకి ఫుట్‌బాల్ మైదానమే. పాడుబడిపోయింది. చీకటిపడ్డాక అటు వెళ్లాలంటే భయం.

అల్‌ఫ్రెడో బ్రిలెంబర్గ్, హ్యూబర్ట్ క్లంప్‌నర్ అనే ఇద్దరు ఆర్కిటెక్టుల దృష్టి ఈ స్థలం మీద పడింది. 'అర్బన్ థింక్ ట్యాంక్' అనే తమ సంస్థ ద్వారా బారియోల సమస్యల మీదే పనిచేస్తున్న జంట అది. అప్పటికి చకావో మేయరు లియొపోల్డో లోపెజ్. 2001లో మొదలైన ఆలోచన 2004 నాటికి కట్టడంగా మారింది.

మామూలుగా అయితే ఇలాంటి స్థలానికి రెండే దారులు. చుట్టూ ప్రహరీ కట్టి, మైదానాన్ని బాగుచేసి, గేటు మీద ఓ బోర్డు పెట్టడం. లేదంటే రేకుల కప్పుతో ఒకే ఒక్క ఇండోర్ హాలు వేయడం. రెండింటిలోనూ ఒక చిక్కుంది. ఒక సమయంలో ఒకే ఆట. పెద్దబ్బాయిలు ఫుట్‌బాల్ పట్టుకుని దిగితే చిన్నపిల్లలు గట్టు మీద కూర్చోవాల్సిందే. ఆడపిల్లలు గట్టు దాకా కూడా రారు. ముసలివాళ్ల సంగతి ఎవరికీ గుర్తే ఉండదు. అంటే 1,200 గజాల స్థలం వేలమంది ఉన్న పేటలో పాతికమందికే అక్కరకొస్తుంది.

అందుకే ఆర్కిటెక్టులు అదే స్థలంలో నాలుగు అంతస్తులు లేపారు. బాస్కెట్‌బాల్ కోర్టులు, డ్యాన్స్ గది, బరువులెత్తే జిమ్, పరుగెత్తే ట్రాక్, ఎగబాకే గోడ. పిల్లల దగ్గర ఉన్న ఫుట్‌బాల్ ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. ఆరుబయట ఆడుకునే ఫుట్‌బాల్ మైదానం కూడా ఈ కట్టడంలోనే ఉంది. అన్నీ కలిపితే దాదాపు 3,800 చదరపు మీటర్లు. అంటే, దగ్గరదగ్గర ఎకరం. పావెకరం నేల ఎకరానికి చేరువైందన్నమాట!

డిజైన్ చేసినవారు చెప్పే లెక్క ప్రకారం అక్కడికి నెలకి వచ్చేవారు సగటున 15,000 మంది. రోజుకి 500 మంది. పావెకరం పార్కు ఎంత బాగున్నా అంతమందిని ఆడించగలదా?

చవక... ఎక్కడెక్కడ?

తక్కువ ఖర్చు అనగానే నాసిరకం సామాను గుర్తొస్తుంది చాలామందికి. ఇక్కడ అది కాదు కిటుకు. కట్టడాన్ని ముక్కలుగా ఆలోచించడం. ఉక్కు దూలాలూ స్తంభాలూ ముందే ఫ్యాక్టరీలో కొలత ప్రకారం తయారవుతాయి. స్థలానికి తెచ్చి బోల్టులతో బిగించడమే. పిల్లలు ఆడుకునే మెకానో సెట్టులాగా. ఇలాంటి కేంద్రాన్ని మూడు నెలల్లో బిగించేయొచ్చన్నది ఆర్కిటెక్టుల మాట.

ఇరుకు పేటలో ఆ మూడు నెలల మాట చాలా పెద్దది. కాంక్రీటుతో కట్టాలంటే సెంట్రింగ్ కర్రలు, ఇసుక గుట్టలు, కంకర, మిక్సర్ లారీ... ఇవన్నీ నిలవడానికి చోటు కావాలి. పదడుగుల సందులో అవి పెట్టాలంటే ఊరి దారి మూసేయాలి. పని ఏడాదికి, రెండేళ్లకి సాగుతుంది. ఈలోగా ఉన్న ఒక్క ఆటస్థలమూ పిల్లలకి ఉండదు. ఎనిమిదో తరగతిలో ఆట మానేసినవాడు పదో తరగతికి వచ్చాక మళ్లీ ఆడతాడన్న నమ్మకమేమీ లేదు. ఆడపిల్లల సంగతైతే చెప్పక్కర్లేదు. సగంలో బిల్లులు ఆగి పనులు నిలిచిపోతే? ఉన్న నేలా పోయి, రావాల్సిన కేంద్రమూ రాక, మొండి స్తంభాలు మిగులుతాయి. పేద పేటలో ఆటల కేంద్రం కట్టడంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. మేలు చేయబోయి ఉన్నదాన్ని లాక్కోవడం.

అందుకే అనుభవమున్నవాళ్లు రెండు మాటలు చెబుతారు. ఒకటి, పనిని ఎంత వీలైతే అంత బయట చేసుకుని వచ్చి ఇక్కడ బిగించడం. రెండోది, స్థలాన్ని సగం సగంగా పనికి తీసుకోవడం. ఒకవైపు పునాదులు పడుతుంటే రెండోవైపు పిల్లలు ఆడుతూనే ఉండాలి.

రెండో ఆదా గాలీ వెలుతురూ. నాలుగువైపులా మూసేసి ఏసీలూ లైట్లూ పెట్టడం తేలికే. వాటి కరెంటు బిల్లు నెలనెలా కట్టడమే కష్టం. వెనెజువెలానే చూడండి. 2019 మార్చిలో దేశమంతా రోజుల తరబడి చీకట్లో మగ్గింది. కరెంటు లేకపోతే ఆగిపోయే ఆటల కేంద్రం, పేదవాడికి ఆటల కేంద్రం కానట్టే. కాకపోతే కారకస్‌లో వాతావరణం ఏడాది పొడవునా హాయిగా ఉంటుంది. విజయవాడ మేనెల ఎండకి అదే డిజైన్ అచ్చంగా దించితే కుదరదు. అక్కడ పడమటి గోడకి మెట్లూ స్టోరు గదులూ పెట్టి ఎండని ఆపాలి. కప్పు కింద వేడిగాలి పోవడానికి దారి వదలాలి. ఆటలు పొద్దున్నే, సాయంత్రం. మధ్యాహ్నం చదువు గది, కుట్టు తరగతులు.

పైకి కడితే వచ్చే చిక్కులు

అయితే మైదానాన్ని నిలబెట్టడం, అపార్ట్‌మెంటు కట్టినంత తేలికేం కాదు. ఇంటి గది ఎత్తు పది పదకొండు అడుగులు చాలు. బాస్కెట్‌బాల్‌కీ వాలీబాల్‌కీ కనీసం ఏడు మీటర్లు కావాలి. అంటే 23 అడుగులు. ఒక ఆట అంతస్తు రెండు ఇంటి అంతస్తులకి సమానం. నాలుగు అలాంటివి పేరిస్తే ఎనిమిదంతస్తుల భవనమంత అవుతుంది. ఇరుకు సందులో అది పక్కింటివాళ్ల ఎండనీ గాలినీ తినేస్తుంది. అందుకే అన్ని అంతస్తులూ ఒకే ఎత్తున ఉండక్కర్లేదు. బరువుల గది, క్యారమ్స్, టేబుల్ టెన్నిస్, యోగా... వీటికి తక్కువ ఎత్తు సరిపోతుంది. ఒక పెద్ద కోర్టు పక్కన రెండు చిన్న గదుల్ని ఒకదానిమీద ఒకటి పెడితే లెక్క సరి!

తర్వాత బరువు. నివాసపు గదుల శ్లాబుని చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు మోసేలా లెక్కకడతారు. ఆటలాడే చోటుకి సుమారు 500 కిలోలు. రెండున్నర రెట్లు. అదీగాక కోర్టు మధ్యలో స్తంభం ఉండకూడదు. పదిహేను ఇరవై మీటర్ల దూరాన్ని ఒకే దూలం దాటాలి. ఉక్కు ఎంచుకోవడానికి ఇది ఇంకో కారణం.

నిశ్చలంగా ఉన్న బరువు ఒకెత్తు, గెంతే బరువు ఒకెత్తు. 2011 జులైలో దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో 39 అంతస్తుల భవనమొకటి ఉన్నట్టుండి ఊగిపోయింది. జనాన్ని ఖాళీ చేయించి, భవనాన్ని మూసేసి, భూకంపమేమోనని వెతికారు. తీరా నిపుణులు తేల్చిందేమిటంటే... పన్నెండో అంతస్తులోని జిమ్‌లో ఓ ఇరవై మంది వరకూ పాటకి తగ్గట్టు ఒకేసారి గెంతుతూ వ్యాయామం చేశారట. ఆ గెంతుల లయ, భవనం సహజంగా ఊగే లయతో కలిసిపోయింది! అంచేత డ్యాన్స్ గదిని నేలమీదే పెట్టడమో, దాని కింది శ్లాబుని బాగా గట్టిగా వేయడమో చేయాలి. బంతిని తన్నే ఆటని పై అంతస్తుకి పంపి చుట్టూ వల కడితే ఇంకా మంచిది. దానిపైన ఇంకో అంతస్తు ఉండదు కాబట్టి మోయాల్సింది తేలికపాటి కప్పునో వలనో మాత్రమే. ఏ ఆట ఏ అంతస్తులో అన్నది అందం కోసం తేల్చే విషయం కాదు. ఖర్చుని తేల్చే విషయం.

ఒక హాలు... ఆరు రంగుల గీతలు

సరే, పావెకరం కూడా లేదు. 600 గజాలే ఉన్నాయనుకుందాం. మున్సిపాలిటీ పాత నీళ్ల ట్యాంకు తీసేస్తే మిగిలే జాగా. అందులో ఏం పడుతుంది?

బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. చుట్టూ రెండు మీటర్ల ఖాళీ వదిలితే 725 గజాల పైమాటే. పట్టదు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే 24కి 15. అంటే, సుమారు 430 గజాలు. భేషుగ్గా పడుతుంది. మిగిలిన 170 గజాల్లో రెండు మెట్లదారులు, మరుగుదొడ్లు, సామాన్ల గది.

ఇప్పుడు అదే 24కి 15 మీటర్ల హాలుని ఇంకోలా చూడండి. బ్యాడ్మింటన్ కోర్టు 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు. అడ్డంగా వేసుకుంటే మూడు కోర్టులు పడతాయి. మగవాళ్ల కబడ్డీ కోర్టు 13కి 10, ఆడవాళ్లది 12కి 8. రెండూ పడతాయి. నేలమీద ఒక్కో ఆటకి ఒక్కో రంగు గీత గీస్తే చాలు. తీసి పెట్టగలిగే వల స్తంభాలు, చుట్టి దాచగలిగే కబడ్డీ మ్యాట్లు ఉంటే... పొద్దున బ్యాడ్మింటన్, సాయంత్రం కబడ్డీ, రాత్రి వాలీబాల్. అలాంటి హాళ్లు రెండు, పైన డాబా ఒకటి. చోటు మూడింతలు, వేళలు మూడింతలు! పేద పేటలో నేల ఎంతుందన్నది సగం లెక్కే. రోజులో ఎన్ని గంటలు తెరిచి ఉంటుందన్నది మిగతా సగం.

వాగు అడ్డమొస్తే వంతెన!

ఆటని అంతస్తులుగా పేర్చిన మొదటివాళ్లు కారకస్ ఆర్కిటెక్టులేం కాదు. బ్రెజిల్‌లోని సావోపాలో నగరంలో లీనా బో బార్డీ అనే మహిళా ఆర్కిటెక్టు అంతకు పాతికేళ్ల ముందే ఈ దారి తొక్కారు. పొంపేయా పేటలో పాతబడిన డ్రమ్ముల ఫ్యాక్టరీ ఉండేది. దాన్ని విశ్రాంతి కేంద్రంగా మార్చే పని ఆమెకి అప్పగించారు. 1970ల రెండో సగంలో ఆవిడ చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ పాత షెడ్లలో అప్పటికే జనం చేరి ఉన్నారు. పిల్లలు పరుగులు పెడుతున్నారు, కుర్రాళ్లు బంతాడుతున్నారు, పెద్దవాళ్లు కబుర్లలో ఉన్నారు. వీళ్లని వెళ్లగొట్టి కొత్తది కట్టడమేంటనుకున్నారు లీనా. షెడ్లని పడగొట్టకుండా ఉంచేశారు.

మరి ఆటలకి చోటు? స్థలం చివర మిగిలిన ముక్కలో కింద నుంచి ఓ కప్పేసిన వాగు పారుతోంది. దాని మీద కట్టడానికి వీల్లేదు. మిగిలింది వాగుకి అటూఇటూ చిన్న జాగా. ఆవిడ అటొక టవరు, ఇటొక టవరు కట్టారు. పెద్దదాంట్లో కింద ఈతకొలను, పైన కోర్టులు. చిన్నదాంట్లో మెట్లూ బట్టలు మార్చుకునే గదులూ. రెండింటినీ కలుపుతూ గాల్లో కాంక్రీటు వంతెనలు. కోర్టుల గోడలకి కిటికీల బదులు గుహల్లాంటి వంకర రంధ్రాలు. అద్దాల్లేవు, ఏసీల్లేవు. కావాలంటే చెక్క జాలీ జరుపుకోవడమే. వాగు మీద పరిచిన చెక్కబల్లల దారి ఇప్పుడు ఎండకాగేవాళ్లకి సముద్రతీరంలా మారింది. ఆటల టవర్లు 1986లో తెరిచారు. ఇప్పటికీ జనంతో కళకళలాడుతున్నాయి.

ఎలా? జవాబు కాంక్రీటులో లేదు. ఆ కేంద్రాన్ని నడిపేది 'సెస్క్' అనే సంస్థ. 1946లో పుట్టింది. బ్రెజిల్‌లోని వ్యాపార సంస్థలు తమ జీతాల బిల్లులో 1.5 శాతం దానికి కట్టి తీరాలి. అంటే, కట్టడానికి ఒకసారి వచ్చే గ్రాంటు కాదు. ఏటా వచ్చే ఆదాయం. రిబ్బను కత్తిరించిన మర్నాటి నుంచీ బల్బు మార్చేదెవరు, మరుగుదొడ్డి కడిగేదెవరు, కోచ్‌కి జీతమిచ్చేదెవరు అన్న ప్రశ్నకి అక్కడ సమాధానముంది.

హాంకాంగ్‌ది ఇంకో దారి. అక్కడి మున్సిపల్ సర్వీసుల భవనాల్లో కింద కూరగాయలూ చేపల మార్కెట్. ఆపైన వేడివేడిగా వండి పెట్టే హోటళ్లు. ఇంకా పైకెళితే లైబ్రరీ, బ్యాడ్మింటన్ కోర్టులు. కూరగాయలకి వచ్చిన తల్లి, పిల్లాణ్ని పైకి పంపి బేరమాడుకుంటుంది. జనం రాకపోకలుండే చోటు కాబట్టి భయమూ తక్కువ.

అసలు కట్టడమే అక్కర్లేదని చూపినవాళ్లూ ఉన్నారు. బ్యాంకాక్‌లోని ఖ్లాంగ్ టోయ్ మురికివాడలో 2016లో ఏపీ థాయ్‌లాండ్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ ఇళ్ల మధ్య మిగిలిన వంకరటింకర జాగాల్ని ఫుట్‌బాల్ మైదానాలుగా మార్చింది. ఒకటి 'ఎల్' ఆకారం, ఇంకోటి మెలికలు తిరిగింది. మైదానం దీర్ఘచతురస్రంగానే ఉండాలని పిల్లలేం పట్టుబట్టలేదు! ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ 1947 నుంచి వీధి మలుపుల్లో, యుద్ధంలో కూలిన ఇళ్ల స్థలాల్లో ఇసుక గుంటలూ ఇనుప కడ్డీలూ గెంతే రాళ్లూ పెడుతూ పోయారు. మూడు దశాబ్దాల్లో అవి ఏడు వందలు దాటాయి.

మనకి తెలిసిన దారే

ఇదంతా విదేశీ విద్యేం కాదు. హైదరాబాద్ పాతబస్తీలోని తాలీంఖానాలు ఏమిటి మరి? ఓ చిన్న గది, మెత్తని మట్టి పోసిన కుస్తీ గుంట, గోడకి వేలాడే గదలు, నేర్పడానికి ఓ ఉస్తాద్. పెద్ద ఖర్చు లేదు. గల్లీలో కుర్రాడు నడిచి వెళ్లేంత దూరం. కోస్తాలో వాటినే వ్యాయామశాలలన్నారు. కోడి రామ్మూర్తినాయుడు విజయనగరంలో పెట్టింది అలాంటిదే. అవి నడిచింది భవనాల గొప్పతనం వల్ల కాదు, పొద్దున్నే తలుపు తీసే మనిషి ఉండటం వల్ల.

అయితే వాటికో లోటుంది. అవి మగపిల్లలవి. ఇవాళ కట్టే కేంద్రం ఆ లోటుని మోయకూడదు. ఆడపిల్లలు వస్తారా రారా అన్నది నినాదాలతో కాదు, చిన్న చిన్న విషయాలతో తేలుతుంది. గొళ్లెం సరిగా పడే మరుగుదొడ్డి, మెట్లదారిలో వెలుతురు, వీధిలోంచి చూపులు పడని డ్యాన్స్ గది, వాళ్లకంటూ రాసిపెట్టిన వేళలు, ఓ మహిళా కోచ్. వీటి ఖర్చు ఉక్కు ఖర్చులో ఏపాటిది?

ఇంకో పోటీ కూడా వచ్చిపడింది. ఇప్పుడు నగరాల్లో గంటకింత అని అద్దెకిచ్చే టర్ఫ్‌లూ బ్యాడ్మింటన్ కోర్టులూ వీధికొకటి కనిపిస్తున్నాయి. ఆడగలిగినవాళ్లకి మంచిదే. కానీ సర్కారు కట్టిన కేంద్రం కూడా ఖర్చులు రాబట్టుకోవాలని అదే రేటు పెడితే, దాని గేటు ముందే బస్తీ పిల్లలు మళ్లీ సందులో వికెట్లు పాతుకుంటారు.

లెక్కకి అందేవీ, అందనివీ

చకావో జిమ్ వచ్చాక ఆ బారియోలో నేరాలు 30 శాతానికి పైగా తగ్గాయని దాన్ని డిజైన్ చేసినవారు చెబుతుంటారు. ఆ మాట ప్రపంచమంతా తిరిగింది. దాన్ని కాస్త ఆగి వినడం మంచిది. ఒక పేటలో నేరాలు తగ్గడానికి పోలీసులు, ఉపాధి, వీధి దీపాలు... కారణాలు చాలా ఉంటాయి. అదే కాలంలో వెనెజువెలా మొత్తమ్మీద హింస తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. కాబట్టి ఒక్క భవనం నేరాల్ని మాయం చేసిందనలేం. కానీ సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఓ పదహారేళ్ల కుర్రాడికి వెళ్లడానికి వెలుతురున్న చోటు ఒకటుండటం, అక్కడ అతని పేరు తెలిసిన కోచ్ ఉండటం... దీని విలువ తెలియడానికి శాతాలు అక్కర్లేదు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. లా క్రుజ్ పేదదే కానీ, దాని మున్సిపాలిటీ పేదది కాదు. సంపన్నుల పన్నులున్న చోట జీతాలివ్వడం వీలైంది. తర్వాత కారకస్ ప్రాంతంలోని ఇతర మున్సిపాలిటీలకీ ఇదే నమూనా పట్టుకెళ్లారు. ఉక్కు ముక్కల్ని ఇంకోచోటికి మార్చడం తేలికే. ఏటా వచ్చే బడ్జెట్‌ని మార్చడమే కష్టం. అందుకే ఖర్చు తక్కువ కేంద్రమంటే తక్కువలో కట్టేది మాత్రమే కాదు, తక్కువలో నడిచేది. కింద నాలుగు దుకాణాల అద్దె, డాబా మీద పెళ్లిళ్ల సీజన్లో విందు అద్దె, వార్డు బడ్జెట్లో ఏటా ఓ పద్దు. కట్టడానికి ముందే ఇవి కాగితం మీద ఉండాలి.

కాబట్టి ఏ వార్డులోనైనా ఇలాంటి ఆలోచన మొదలైతే, ఇంజినీరు టేపు పట్టుకుని రావడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ ఖాళీ జాగా దగ్గరికి తెల్లవారుజామున ఐదింటికోసారి, బడి వదిలాక నాలుగింటికోసారి, రాత్రి తొమ్మిదింటికోసారి వెళ్లి నిలబడాలి. ఎవరు ఆడుతున్నారు, ఎవరు గట్టు మీద కూర్చున్నారు, ఎవరు అసలు రాలేదు... మూడు జాబితాలు రాసుకోవాలి. మొదటి జాబితాలో వాళ్ల ఆట ఒక్కరోజు కూడా ఆగకూడదు. రెండో జాబితాకి పై అంతస్తులు. మూడో జాబితా కోసం మరుగుదొడ్డి, దీపం, వేళలు, కోచ్. ప్లాను గీయడం ఆ తర్వాత. అన్నిటికన్నా చివర తేల్చాల్సింది, కానీ ఎక్కువచోట్ల ఎవరూ అడగనిది ఇంకోటుంది.

తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?